తర్వాతది చదువు నాయనా

మొన్న పొద్దున కంభం నుంచి మా తమ్ముడు ఖాసిం ఫోన్ చేశాడు. "అక్కా, అయ్యోరు తాత..." అని ఆగిపోయాడు. నాకు అర్థమైంది. అయినా నా నోటికి వచ్చింది మాత్రం "వాక్యం పూర్తి చెయ్‌రా" అనే. ఆ అలవాటు మాకు పెట్టింది ఆయనే. వాడు పూర్తి చేయలేదు, ఫోన్లోనే ఏడ్చాడు. నేను మార్కాపురంలో అంగన్‌వాడీ పిల్లల అన్నం గిన్నె ముందు కూర్చుని ఏడ్చాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవడో ఒకడు ఆయన ఫోటో వెతికి పట్టుకుని, కింద ఆయన ఎన్నడూ అనని నాలుగు మంచి మాటలు అతికించి ఫోన్లలో తిప్పుతాడు. అట్లా తిరిగే మాటలంటే ఆయనకు ఒళ్లు మంట. బతికినన్నాళ్లూ వాటితోనే పోట్లాడాడు, చచ్చాక కూడా ఆయన్ని వాటిలోకి ఎందుకు తోయాలి?

హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. అందుకని ఊరంతటికీ అయ్యోరు. మసీదులో కొందరు గౌరవంగా హజ్రత్ అని పిలిస్తే, "హజ్రత్ ఏంది? నేను సంధులూ సమాసాలూ చెప్పుకొని బతికినోణ్ణి" అని విసుక్కునేవాడు. మేం నూర్‌బాషాలం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ వచ్చిన చుట్టాలు పెళ్లిళ్లలో మమ్మల్ని చూసి నవ్వుతారు, వీళ్లేం సాయిబులని. మిగతా ఊరేమో సాయిబులంటుంది. ఇటు కాకుండా అటు కాకుండా ఉన్న మా పిల్లలందరికీ ఖురాన్ చదవడం నేర్పింది ఆయన ఇంటి వసారాలోనే. ఆడపిల్లలకు పొద్దున, మగపిల్లలకు సాయంత్రం. చేతిలో ఎప్పుడూ ఒక వేపపుల్ల ఉండేది. దాంతో ఒక్కరినీ కొట్టగా నేను చూడలేదు, వీపు గోక్కునేవాడు.

సగం మాట అంటే ఆయనకు సహించేది కాదు. దుకాణానికి పోయినవాడు "ఉప్పు" అంటే, "ఉప్పు ఏందిరా? కావాల్నా, అయిపోయిందా, ఎక్కువైందా? పూర్తిగా చెప్పు" అనేవాడు. మేమంతా అవ్వా అని పిలిచే ఆయన భార్య వంటింట్లోంచి "కూర..." అని పిలిస్తే వసారాలోంచి కదిలేవాడు కాదు. "కూర అయింది, వచ్చి తిను అనాల" అని పాఠం మొదలుపెట్టేవాడు. ఆమె ఊరుకునే మనిషి కాదు. "నీ వాక్యం నువ్వే వండుకో పో" అని గిన్నె మీద మూత పెట్టేసేది. మేం పుస్తకాల వెనక మూతులు దాచుకుని నవ్వేవాళ్లం.

ఒక్క విషయంలో మాత్రం ఆయన కూడా సగంతోనే తృప్తిపడ్డాడు. అది ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. అరబ్బీ మాకు నోటికి వచ్చేది, అర్థం వచ్చేది కాదు. ముందు నాలుక తిరగాలి, అర్థం పెద్దయ్యాక చెప్పుకుందాం అనేవాడు. పెద్దయ్యాక ఎవరు కూర్చుంటారు? ఆడపిల్లలు పెళ్లిళ్లయి వెళ్లిపోయారు, మగపిల్లలు ఆటోలెక్కారు, మెకానిక్ షెడ్లలో చేరారు. మా ఖాసిం గొంతంటే ఆయనకు ప్రాణం. వాడు చదువుతుంటే కళ్లు మూసుకుని, వేపపుల్ల ఒళ్లో పెట్టుకుని వినేవాడు. గిద్దలూరు నుంచి వచ్చిన పెద్దలు కూడా వాడి గొంతు విని తల నిమిరి పోయారు. ఏం చదువుతున్నాడో వాడికి ఒక్క ముక్క తెలియదు.

రిటైరయ్యాక సాయంత్రాలు టీ హోటల్ బల్ల మీద కూర్చునేవాడు. ఒకప్పుడు ఆయనతో పనిచేసిన పంతుళ్లు వచ్చేవాళ్లు. వాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ తీసి, అందులోది చూపించి, మొహమాటంగా అడిగేవాళ్లు. "ఏమనుకోవద్దు సార్, మీ దాంట్లో ఇట్ల ఉందంట గదా, కనపడిన చోట చంపమని?"

"ఉంది" అనేవాడు ఆయన వెంటనే.

అడిగినవాడే బిత్తరపోయేవాడు, లేదంటాడని కదా అనుకున్నది.

"ఉంది. ఎవుర్ని, ఎప్పుడు, ఏం చేసినందుకు అనేది కూడా అక్కడే ఉంది. ఒప్పందం చేసుకొని తప్పినోళ్ల సంగతి అది. మాట నిలబెట్టుకున్నోళ్లతో మీరూ మాట నిలబెట్టుకోండని దానికి ముందే ఉంది. ఇంటికి రా, కూసో, ముందూ వెనకా చదువుదాం. పూట పడుతుంది."

పూట అనేసరికి అందరికీ బస్సు టైమయ్యేది. ఒకాయన మాత్రం వచ్చాడు, సైన్సు చెప్పే ఆయన. సాయంత్రమంతా కూర్చుని ఎదురు ప్రశ్నలు వేసి, చివరికి లేచి, "నాకు పూర్తిగా నమ్మకం కుదర్లేదు సార్" అనేసి పోయాడు. తాత ఆ రాత్రి సంబరపడి అవ్వతో చెప్పుకున్నాడట, పూర్తిగా విన్నోడొకడు దొరికినాడని.

ఇంకోసారి ఏదో శాంతి సభ పెట్టి, మా మతంలో యుద్ధం మాటే లేదని రెండు ముక్కలు చెప్పి దిగమన్నారు. ఆయన మైకు పట్టుకుని, "లేదని చెప్పే సాయిబు అబద్ధం చెప్తా ఉన్నాడు. అదొక్కటే ఉందని చెప్పేటోడు అంతకంటే పెద్ద అబద్ధం చెప్తా ఉన్నాడు" అన్నాడు. ఆ తర్వాత ఏ సభకూ పిలవలేదు. శని వదిలిందన్నాడు.

ఇప్పుడు చెప్పాల్సింది ఆ బక్రీదు సంగతి.

పండక్కి వారం ముందే నేను పుట్టింటికి వచ్చాను. పుట్టిల్లంటే తమ్ముడే. అమ్మ పోయేనాటికి వాడు నా చంక దిగని పిల్లాడు, పెంచింది నేను. అప్పటికి వాడు ఆటో తోలుతున్నాడు. ఫోన్లో ఎవడో గొంతు చించుకుని చెప్పే ఉపన్యాసాలు పొద్దస్తమానం వినేవాడు. వాటిలో ఆ ఒక్క ఆయత్, అదే కనపడిన చోట చంపమనే ఆ వాక్యం, తిరిగి తిరిగి వచ్చేది. దాని అర్థం వాడికి మొదటిసారి తెలిసింది ఆ ఫోన్లోనే. మా తలరాత చూడండి, పక్కనే తాత ఉండగా! నెల కిందటే పీర్లకు మొక్కడం తప్పని నాతో పోట్లాడి అన్నం మానేశాడు కూడా.

తాత ఇంటి ముందు ఖాళీ స్థలంలో పల్లెల వాళ్లు పొట్టేళ్లు తెచ్చి అమ్ముతారు. అర్ధవీడు అవతలి పల్లె నుంచి పుల్లయ్య ఏటా వచ్చేవాడు. గొర్రెలు కాచుకునే మనిషి, బేరంలో గట్టి, మాటలో నిదానం. ఒక రోజు మధ్యాహ్నం పిల్లల ఫోన్లలో ఒక ఫోటో తిరిగింది. కప్పు లేని పీర్ల చావిడి, కింద పడి ఉన్న దూలాలు, వాటి మీద కూలగొట్టారంటూ రెచ్చగొట్టే రాతలు. అది పుల్లయ్య వాళ్ల ఊరు.

ఖాసిం, ఇంకో నలుగురు పిల్లలు ఆయన్ని చుట్టుముట్టారు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. "ఇది మీ ఊరే గదా? మీరే గదా పీకింది?" అని ఖాసిం ఫోన్ ఆయన ముఖాన పెట్టాడు. పుల్లయ్య కళ్లు చిట్లించి చూసి, తాపీగా "అవును, మేమే పీకినాం" అన్నాడు. ఇంకా ఏదో అనబోయాడు. పొట్టేళ్లను కట్టే గుంజ నా తమ్ముడి చేతిలోకి ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. పుల్లయ్య నుదురు పగిలి నెత్తురు కంట్లోకి కారింది. పీర్లే తప్పన్నవాడు పీర్ల చావిడి కోసం మనిషిని కొట్టాడు!

నేను అరుస్తూ పరిగెత్తేసరికే తాత అక్కడున్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు, కళ్లద్దాల్లేవు. ఖాసిం గుంజ మళ్లీ ఎత్తి ఉన్నాడు. తాత దాన్ని పట్టుకోలేదు. పుల్లయ్యకు అడ్డంగా నిలబడి అడిగాడు.

"ఏ మాట చూసుకొని కొడతా ఉన్నావు నాయనా?"

ఖాసిం ఆ ఆయత్ అందుకున్నాడు. కోపంలో కూడా వాడి గొంతు గొంతే. ఒక్క అక్షరం తడబడలేదు.

"తర్వాతది చదువు నాయనా" అన్నాడు తాత.

తాత చదవమంటే చదవకుండా ఉండటం వాడికి చేతకాదు. చిన్నప్పటి నుంచి అంతే. గుంజ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, నోరు మాత్రం తర్వాతి ఆయత్ చదువుకుంటూ పోయింది. తాత ఒక్కో ముక్క దగ్గర చెయ్యెత్తి ఆపి, బడిలో పద్యానికి చెప్పినట్టు తెలుగులో అర్థం చెప్పాడు.

"ఆ ఎదురు పక్షం వాళ్లలోనే ఒకడు నిన్ను కాపాడమని అడిగితే... కాపాడు. వాణ్ణి దేవుని మాట విననీ. ఆ తర్వాత... వాణ్ణి వాడికి భయం లేని చోటికి చేర్చు."

చివరి ముక్క దగ్గర ఖాసిం చెయ్యి కిందికి దిగింది. "ఇది... ఇది దాని పక్కనే ఉందా తాతా?" అన్నాడు.

"నువ్వే గదరా చదివినావు. చిన్నప్పటి నుంచీ చదువుతానే ఉన్నావు. నోటికి నేర్పినా, అర్థం చెప్పలేదు నేను. ఈ దెబ్బలో సగం నాది." తాత పుల్లయ్య వైపు తిరిగాడు. "నాయనా, నిన్ను కాపాడమని అడుగుతా ఉన్నావా?"

పుల్లయ్య నుదురు అదుముకుని కింద కూర్చున్నాడు. "నన్నేంది పెద్దయ్యా అడిగేది? ముందు నా పొట్టేళ్లను విప్పొద్దని చెప్పు ఈ పిలకాయలకు."

"అడిగినాడు. ఇన్నారు గదా అందరూ?" అన్నాడు తాత. "ఖాసిం, ఆటో తీయ్. ఈయన్ని ఇంటికి చేర్చాల. మీరు నలుగురూ ఈడనే ఉండి పొట్టేళ్లకు నీళ్లు పెట్టండి."

అప్పుడు నాకు పిచ్చి కోపం వచ్చింది. దాపరికం ఎందుకు, అంతకుముందు పుల్లయ్య మీద ఉన్న జాలి కూడా ఎగిరిపోయింది. నెత్తురు గుడ్డతో ఆయన్ని ఆ ఊర్లో దించడానికి పోతే నా తమ్ముణ్ణి బతకనిస్తారా? "వేరే ఆటో పిలువు తాతా. నీ అర్థాలకు నా తమ్ముణ్ణి బలిపెడతావా?" అని వీధిలో అందరి ముందూ అరిచాను.

"చేర్చమనింది కొట్టినోళ్లనే గదమ్మా. వేరేవాళ్లు చేరిస్తే అది కిరాయి."

"వాళ్లు చంపేస్తే?"

"నాకూ భయంగానే ఉంది. నువ్వూ ఎక్కు. నేనూ ఎక్కుతా."

ఆర్ఎంపీ డాక్టరు దగ్గర కట్టు కట్టించుకుని బయలుదేరాం. ఖాసిం వెనక్కి తిరిగి చూడలేదు. కంభం దాటి కొంత దూరం పోయాక తాత అడిగాడు. "నాయనా, ఇందాక ఏందో చెప్పబోయినావు. మేమే పీకినాం అన్నావు, ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏముంది పెద్దయ్యా. మొన్న వానకు గోడ బీటలిచ్చింది. మీద పడి ఎవురన్నా పోతారని మేమే కప్పు పీకినాం. పీర్ల పండగ లోపల కొత్త చావిడి లేపాల్నని రాళ్లు గూడా తోలించినాం. మా ఊర్లో సాయిబులు లేరు గదా, పీర్లను ఎత్తేది మేమే."

ఆటో వేగం తగ్గింది. ఖాసిం రోడ్డు పక్కకు తీసి ఆపి, హ్యాండిల్ మీద తల పెట్టేశాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది.

"ఆపొద్దు నాయనా, ఇంకా చేర్చలా" అన్నాడు తాత.

మా కంటే ముందే కబురు చేరింది. ఊరి మొదట్లోనే మగవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. కొందరి చేతుల్లో కర్రలున్నాయి. అక్కడే దించేసి తిరిగిపోదామన్నాను. తాత ఒప్పుకోలేదు. "ఈయనకు భయం లేని చోటు ఊరి మొదలు కాదు, ఇల్లు" అన్నాడు. పుల్లయ్యే ఆటోలోంచి తల బయటపెట్టి "జరగండప్పా" అని కసిరాడు. గుంపు దారి ఇచ్చి, మా వెనకే నడిచి వచ్చింది.

ఇంటి ముందు ఆయన భార్య నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. కట్టు చూసి, "ఎవురు కొట్టినారు?" అంది.

పుల్లయ్య మా ముగ్గుర్నీ చూశాడు, వెనకున్న కర్రల్నీ చూశాడు. "ఎవురూ కొట్టలా. ఆటో గుంతలో పడింది" అన్నాడు.

యా అల్లా, నా తమ్ముడి నోరు కట్టెయ్ అని నేను మనసులో మొక్కుకున్నాను. ఖాసిం ఆటో దిగాడు. "కాదు వదినా. నేనే కొట్టినా" అన్నాడు.

ఆమె చెయ్యి లేచింది. చెంప మీద కొట్టిన ఆ దెబ్బ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. వెనక గుంపు ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చింది. నేను తమ్ముణ్ణి పట్టుకోబోయాను. నా కంటే ముందు ఆమె తిరిగి, వాడికి అడ్డంగా రెండు చేతులూ చాపింది.

"నేను కొట్టినా, అయిపాయ. నా గడప కాడికొచ్చి తప్పొప్పుకున్నోణ్ణి ఇంకెవురన్నా ముట్టుకోండి, చూస్తా!"

ఎవరూ కదల్లేదు. తాత ఆటోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి, ఏం చదువుతున్నాడో వినపడలేదు.

ఆమె అంతటితో వదల్లేదు. దారిలో ఎవరన్నా అడ్డం పడతారని మొగుణ్ణి గదిమింది. "లేయ్. వీళ్లను మెయిన్ రోడ్డు దాకా దించిరా పో." తల పగిలిన మనిషి మళ్లీ ఆటో ఎక్కాడు. మెయిన్ రోడ్డు మీదికి వచ్చాక దిగి, నడిచి పోతానన్నాడు. ఖాసిం ఒప్పుకోలేదు.

"తల తిరిగి పడితే? మళ్లీ నేనే దించొస్తా అన్నా."

"నువ్వు నన్ను దించేది, మా ఇంటిది నిన్ను దించమనేది. ఇట్లయితే ఎప్పటికి తెగుతుందబ్బీ?"

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. తాత నవ్వలేదు. ఆటో దిగి కల్వర్టు మీద కూర్చున్నాడు. "దించి రారా. మేం ఈడ కూసుంటాం" అన్నాడు. ఒంటరిగా! కర్రలున్న ఆ ఊరికి! వద్దనడానికి నోరు తెరిచాను. ఖాసిం నా వైపు చూశాడు. చిన్నప్పుడు బడికి పోతూ చూసినట్టు చూశాడు. "పోయి రా" అన్నాను. ఆ మాట ఎట్లా అన్నానో నాకే తెలియదు.

నల్లమల మీద పొద్దు వాలింది. పావుగంట పని. అరగంటయింది, ఇంకా రాలేదు. తాత బాటిల్ నీళ్లతో ముఖమూ కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని రోడ్డు పక్కనే నమాజుకు నిలబడ్డాడు. ముగించాక చేతులు చాపి చాలాసేపు ఉండిపోయాడు. "తాతా, వాడికేమన్నా అయితే నిన్ను జన్మలో క్షమించను" అన్నాను. "నన్ను నేను క్షమించుకుంటానా అమ్మాయ్?" అన్నాడు. ఆ తర్వాత వచ్చే ప్రతి బండినీ నిలబడి చూశాం.

చివరికి ఆటో వచ్చింది. ఖాసిం దిగాడు. బుగ్గ మీద ఆమె వేళ్లు ఇంకా ఎర్రగా తేలి ఉన్నాయి. నేను వాడి తల, చేతులు, వీపు అన్నీ తడిమి చూశాను. "ఏమైంద్రా? ఇంతసేపేంది?" అన్నాను.

"ఏం కాలేదక్కా. వదిన..." అని ఆగాడు.

వాక్యం పూర్తి చేయమని తాత కూడా అనలేదు.

"వదిన అన్నం పెట్టింది. తినేదాకా పోనీలేదు."

తాత కల్వర్టు మీద మళ్లీ కూర్చుండిపోయాడు. భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా గట్టిగా ఏడ్చాడు.